"తప్పక చూడండి" అన్నది ఎవరు? స్పెయిన్ ప్రయాణ సలహాల మీద ఒక పాఠం



నేను ఆరో సెమిస్టర్ ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం కింద మాడ్రిడ్‌లో చదివి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి జూనియర్స్ అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, స్పెయిన్ వెళ్తే ఏం చూడాలి?" మొదట్లో గడగడా పేర్లు చెప్పేసేవాణ్ణి. ఇప్పుడు చెప్పడం లేదు. ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాను. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం. ఇందులో స్పెయిన్ గురించి సమాచారం ఉంది, కానీ అసలు పాఠం సలహాల గురించి. వాటిని ఎలా చదవాలి, ఎలా రాయాలి అని.

మనందరం ఎం-2 లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ చేసినవాళ్ళమే. ఈక్వేషన్ సాల్వ్ చేస్తే జనరల్ సొల్యూషన్ వస్తుంది. బౌండరీ కండిషన్స్ వేస్తే తప్ప మన సమస్యకి జవాబు రాదు. ప్రయాణ సలహా కూడా అంతే. "టొలెడో అద్భుతం, ఒక్క రోజులో అయిపోతుంది, అన్నీ నడిచే దూరమే" అనేది జనరల్ సొల్యూషన్. రాసినవాడి కండిషన్స్ ఏమిటో అందులో కనిపించవు. నాకు ఆ సంగతి మా అమ్మ మోకాళ్ళ వల్ల తెలిసింది.

జరిగిన సంగతి

మా అక్క జర్మనీలో ఉద్యోగం చేస్తోంది. పోయిన మే నెలలో అమ్మని రప్పించి, ఐదు రోజులు నా దగ్గరికి తీసుకొచ్చింది. అమ్మకి అదే మొదటి విదేశీ ప్రయాణం. అమ్మ హైస్కూల్లో సోషల్ టీచర్. పాతికేళ్ళుగా క్లాసులో "1492" అని బోర్డు మీద రాస్తూనే ఉంది. కొలంబస్ బయల్దేరిన సంవత్సరం. అదే ఏడాది జనవరిలో గ్రనాడా రాజ్యం ఫెర్డినాండ్, ఇసబెల్లాల చేతికి వచ్చింది. అందుకే ఫోన్‌లో అమ్మ అడిగింది ఒక్కటే: "గ్రనాడా చూపిస్తావా నాన్నా?"

"నువ్వు రా అమ్మా, అంతా నేను చూసుకుంటా" అన్నాను. చూసుకున్నాను కూడా. యాత్రికులు రాసిన సలహాలు ఓ ముప్పై దాకా చదివి, ఎక్సెల్ షీట్‌లో గంట గంటకీ ప్లాన్ వేశాను. ఆ ప్లాన్ మూడు చోట్ల దెబ్బతింది. ఒక్కో దెబ్బకీ ఒక్కో ప్రశ్న నేర్చుకున్నాను.

మొదటి ప్రశ్న: రాసింది ఎవరు?

టొలెడో మాడ్రిడ్‌కి 70 కిలోమీటర్లు. అతోచా స్టేషన్ నుంచి రైల్లో అరగంట పైన కాస్త. మూడు వైపులా తాహో నది చుట్టుకుని ఉన్న కొండ మీద పాత ఊరు. ఎల్ గ్రెకో అనే చిత్రకారుడు ఇక్కడే స్థిరపడ్డాడు. సాంతో తొమే చర్చిలో ఆయన గీసిన "ఓర్గాస్ ప్రభువు ఖననం" ఇప్పటికీ అక్కడే ఉంది. అన్ని సలహాల్లోనూ టొలెడో ఉంది. అన్నిట్లోనూ "నడుస్తూ చూడండి" అనే ఉంది.

నడిచాం. రాళ్ళు పరిచిన ఎత్తు సందులు. పావుగంటకి అమ్మ ఒక ఇంటి గడప మెట్టు మీద కూర్చుండిపోయింది. "మీరిద్దరూ వెళ్ళి చూసి రండిరా, నేనిక్కడే ఉంటా. గాలి బాగుంది" అంది. గాలేమీ లేదు. మోకాలు పట్టుకుని కూర్చుంది. అక్క నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

తర్వాత తెలిసిందేమిటంటే, కింద రెకారెదో వైపు నుంచి పాత ఊరి పైకి ఎస్కలేటర్లు ఉన్నాయి! కొండని తొలిచి వరసగా పెట్టారు, డబ్బులు కూడా అడగరు. నేను చదివిన ముప్పై సలహాల్లో ఒక్కదాంట్లోనూ ఆ మాట లేదు. వాళ్ళు అబద్ధం రాయలేదు. వాళ్ళకి ఎస్కలేటర్ అవసరం పడలేదు, అంతే. ఇరవై ఐదేళ్ళవాడికి పావుగంట ఎక్కుడు "నడిచే దూరం". అరవైకి దగ్గరపడ్డ మా అమ్మకి అది రోజంతా తినేసే పని.

గ్రనాడాలోనూ ఇదే. ఊరి మధ్య నుంచి అల్హంబ్రా కొండకి "హాయిగా నడిచి వెళ్ళొచ్చు" అని రాస్తారు. ఆ దారి మొదట్నుంచీ ఎత్తే. సీ-30 అనే చిన్న బస్సు ఊళ్ళోంచి నేరుగా పైకి వెళ్తుందని రాసేవాళ్ళు తక్కువ. ఈసారి మాత్రం నేను ముందే వెతికి పెట్టాను.

కాబట్టి సలహా చదివేటప్పుడు రాసినవాళ్ళ వయసు, వాళ్ళ వెంట ఎవరున్నారు, ఏం తింటారు అనేవి ముందు పట్టుకోండి. మనలో శాకాహారులకి ఇది మరీ ముఖ్యం. "స్పెయిన్‌లో వెజ్ దొరుకుతుంది" అని గుడ్లూ చేపలూ తినేవాళ్ళు రాస్తే ఆ మాటకి అర్థం వేరు. అక్కడ ఆలుగడ్డ తోర్తియాలో గుడ్డు ఉంటుంది. కోర్డొబాలో సాల్మొరేహో అనే చల్లని టమాటా సూప్ మీద ఉడికించిన గుడ్డు, పంది మాంసం ముక్కలు చల్లుతారు. "వెజిటేరియన్" అని ఊరుకోకుండా "సిన్ కార్నే, సిన్ పెస్కాదో, సిన్ హమోన్" అని విడివిడిగా చెప్పాలి. మాంసం వద్దు, చేప వద్దు, హమోన్ వద్దు అని. సెవిల్‌లో పాలకూర, శనగలు కలిపి వండే కూర ఒకటి ఉంది. అమ్మకి అది పెడితే ఇంటికి వచ్చినట్టే అనిపించేది, కానీ అంత దూరం మేం వెళ్ళలేదు.

రెండో ప్రశ్న: ఎప్పుడు వెళ్ళి రాశారు?

నన్ను బాగా ముంచింది ఇదే. "అల్హంబ్రా టికెట్ గురించి కంగారు పడొద్దు, నాకు ముందు రోజు దొరికింది" అని ఒకరు రాశారు. నేను నిశ్చింతగా ఉన్నాను. పది రోజుల ముందు సైట్ తెరిస్తే మా రోజుకి నస్రిద్ రాజభవనాల టికెట్లు లేవు. పక్క రోజుకీ లేవు. వెనక్కి వెళ్ళి ఆ సలహా మళ్ళీ చదివితే, రెండో పేరాలో "కోటు వేసుకున్నా వణికిపోయాం" అని ఉంది. అంటే చలికాలం. జనం లేని రోజులు. నేను వెళ్ళేది మేలో.

అల్హంబ్రా లోపల నస్రిద్ భవనాలకి టికెట్ మీద గంటా నిమిషం ఉంటుంది. ఆ సమయానికి రావాల్సిందే. టికెట్ మనిషి పేరు మీద ఉంటుంది కాబట్టి పాస్‌పోర్ట్ చూపించాలి. లోపలికి పంపే సంఖ్యకి పరిమితి ఉంది కాబట్టి వసంతంలో, శరత్కాలంలో చాలా ముందే అయిపోతాయి. చివరికి నాకు దొరికింది తోటలు, పాత కోట మాత్రమే చూపించే టికెట్. ఏ గోడల మధ్య ఆ రాజ్యం ముగిసిందో అమ్మ వాటిని బయట్నుంచే చూసింది. "పోనీలేరా, తోట ఎంత బాగుందో" అంది. అమ్మ అలా అనడం నాకు ఇంకా కష్టంగా ఉంది. తిట్టినా బాగుండేది.

"ఎప్పుడు" అనే ప్రశ్న ఎండకి కూడా వర్తిస్తుంది. మనకి ఎండ కొత్త కాదు, రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం అనుకుంటాం. ఒక చిన్న లెక్క చేద్దాం. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. మాడ్రిడ్ గ్రీనిచ్‌కి పడమరగా సుమారు 3.7 డిగ్రీల్లో ఉంది. అంటే అక్కడి సూర్యుడు గ్రీనిచ్ కంటే 15 నిమిషాలు వెనక. కానీ 1940 నుంచి స్పెయిన్ గడియారం మధ్య ఐరోపా సమయం మీద నడుస్తోంది. ఎండాకాలంలో అది గ్రీనిచ్‌కి 2 గంటలు ముందు. కాబట్టి వాళ్ళ నడినెత్తి సూర్యుడు గడియారంలో 2 గంటల 15 నిమిషాలకి వస్తాడు! మనకి 2, 3 గంటలకి మండే ఎండ అక్కడ 4, 5 గంటలకి మండుతుంది. "సాయంత్రం 5కి కోర్డొబా వీధుల్లో షికారు" అని ఏప్రిల్‌లో వెళ్ళినవాళ్ళు రాస్తే, జూలైలో పాటించకండి. కోర్డొబా, సెవిల్‌లలో నడి వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే. భోజనాల వేళలు కూడా అలాగే వెనక్కి జరిగి ఉంటాయి. మధ్యాహ్నం 2 తర్వాత, రాత్రి 9 తర్వాత. 7 గంటలకి ఆకలేస్తే చాలా హోటళ్ళలో వంటిల్లే తెరవరు.

వారాలు కూడా చూసుకోవాలి. స్పెయిన్‌లో చాలా మ్యూజియంలకి సోమవారం సెలవు. కానీ పికాసో "గెర్నికా" ఉన్న రెయ్నా సోఫియాకి మంగళవారం సెలవు.

మూడో ప్రశ్న: నిజంగా ఎంత?

ఎంత డబ్బు అనే కాదు, ఎంత సమయం, ఎంత ఓపిక అని కూడా. ప్రాదో మ్యూజియం మూసే ముందు రెండు గంటలు ప్రవేశం ఉచితం. సోమవారం నుంచి శనివారం దాకా 6 నుంచి 8. స్టూడెంట్‌గా నేను చాలాసార్లు అలాగే వెళ్ళాను, బంగారం లాంటి సలహా. అమ్మతో కూడా అలాగే వెళ్ళాను. క్యూ మూల తిరిగి ఉంది. టికెట్ డబ్బులు మిగిలాయి, కానీ అమ్మ ముప్పావుగంట నిలబడింది. లోపలికి వెళ్ళేసరికి వెలాస్కెస్ 1656లో గీసిన "లాస్ మెనీనాస్" ముందు నిలబడే ఓపిక మిగల్లేదు. ఉచితం అన్నది టికెట్‌కే. ఖర్చు వేరే ఖాతాలో పడింది.

సెగోవియా కూడా చూడండి. మాడ్రిడ్ చమార్తిన్ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైల్లో అరగంట లోపే. నిజమే. కానీ ఆ స్టేషన్ ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, పొలాల మధ్య ఉంటుంది. అక్కడి నుంచి మళ్ళీ సిటీ బస్సు ఎక్కాలి. రైలు సమయం ఒక్కటే రాసే సలహా సగం సలహా. అయినా సెగోవియా వెళ్ళండి, ముఖ్యంగా సివిల్ వాళ్ళు. రోమన్లు కట్టిన నీటి వంతెన, ఎత్తు 28 మీటర్లు, రాళ్ళ మధ్య సున్నం గానీ సిమెంట్ గానీ లేదు. బరువు, ఆర్చ్ ఆకారం, అంతే. దాదాపు రెండు వేల ఏళ్ళుగా నిలబడి ఉంది.

నాలుగో ప్రశ్న: నాకు కావాల్సిందేమిటి?

ఇది రాసినవాళ్ళని అడిగేది కాదు, మనల్ని మనం అడగాల్సింది. గ్రనాడాలో సీ-30 బస్సు కోసం ఇసబెల్ లా కాతోలికా కూడలికి వెళ్ళాం. అక్కడో విగ్రహం ఉంది. సింహాసనం మీద రాణి ఇసబెల్లా, ముందు కొలంబస్. అమ్మ బస్సు సంగతి మర్చిపోయింది. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. "ఒరే, వీళ్ళిద్దరికీ ఒప్పందం ఈ పక్కనే సాంతా ఫేలో జరిగిందిరా. పిల్లలకి పేరు చెప్తానే గానీ ఊరు ఇంత దగ్గరని తెలీదు" అంటూ ఫోటోలు తీస్తూనే ఉంది. ఐదు రోజుల్లో అమ్మ ముఖం అంతగా వెలిగింది అక్కడే. నా ఎక్సెల్ షీట్‌లో దానికి గడి లేదు. అది నాకు బస్టాప్ మాత్రమే. అమ్మ 1492 కోసం వస్తోందని నాకు ముందే తెలుసు. అయినా ముప్పై మంది అపరిచితులు ఏం చూశారో చదివాను గానీ, అమ్మకి ఏం కావాలో ఒక్కసారి కూర్చుని అడగలేదు.

ఆ సాయంత్రం టాక్సీలో అల్బాయిసిన్ కొండ మీది సాన్ నికొలాస్ అరుగు దగ్గరికి వెళ్ళాం. ఎదురుగా అల్హంబ్రా, వెనక సియెర్రా నెవాడా మంచు. లోపలికి వెళ్ళలేకపోయిన భవనాలు ఎర్రబడుతుంటే అమ్మ రాతి గట్టు మీద కూర్చుని చూసింది. కూర్చోవడానికి చోటుంది. అది నేను ముందే కనుక్కున్నాను.

ఇక మనం రాసేటప్పుడు

మన క్లబ్‌లో ట్రావెల్ వ్యాసాలు చాలా వస్తాయి. "తప్పక చూడాల్సిన", "మాటల్లో చెప్పలేని", "జీవితంలో ఒక్కసారైనా" లాంటి మాటలు చూడగానే ఆగండి. ఆ మాట తీసేసి దాని చోట ఒక కండిషన్ రాయండి. ఉదాహరణకి, "టొలెడో తప్పక చూడాల్సిన అద్భుత నగరం" అనే వాక్యాన్ని ఇలా మార్చొచ్చు: "మేలో, మోకాళ్ళ నొప్పి ఉన్న అమ్మతో వెళ్ళాను. రెకారెదో ఎస్కలేటర్ల మీద ఎక్కితే పైన మూడు గంటలు చాలు. రెండు చోట్ల కూర్చుని చూడండి." ఇందులో పొగడ్త లేదు. కానీ ఎవరో ఒకరికి పనికొస్తుంది.

నన్ను అడిగితే నా సలహా ఇదీ. మొదటిసారి, మూడు రోజులే ఉంటే మాడ్రిడ్‌లో ఉండి టొలెడో గానీ సెగోవియా గానీ ఒక్కటే చూడండి, రెండూ వద్దు. ఆరు రోజులుంటే దక్షిణానికి దిగి కోర్డొబా, గ్రనాడా కలపండి. అల్హంబ్రా టికెట్ దొరికాకే మిగతా తేదీలు వేసుకోండి. వీలైతే మార్చి నుంచి మే, లేదా అక్టోబర్. ఇది ఎండలు పడని, శాకాహారం తినే, పెద్దవాళ్ళతో వెళ్ళే మనిషి సలహా. మీ కండిషన్స్ వేరైతే జవాబూ వేరు.

చివరగా ఒక మాట. మొన్న అమ్మ స్కూల్లో లెక్కల టీచర్ గారు కూతురి దగ్గరికి స్పెయిన్ వెళ్తూ అమ్మని అడిగారట. నన్ను ఫోన్లో లైన్ మీద ఉంచి అమ్మే చెప్పింది: "మేడం, టికెట్ మీ అమ్మాయిని ఇవాళే చూడమనండి. టొలెడోలో మర మెట్లున్నాయి, వాటి మీదే ఎక్కండి. గ్రనాడాలో బస్టాప్ దగ్గర రాణి విగ్రహం ఉంటుంది, బస్సు పోయినా పర్లేదు, నిలబడి చూడండి. మీకు మోకాళ్ళు బానే ఉన్నాయి కదూ?"

ముప్పై సలహాల్లో ఎవరూ అడగని ప్రశ్న అమ్మ చివర్లో అడిగింది. నేనైతే మొదట్లోనే అడుగుతాను.