చుట్టుదారి మాటలు – వాటి పుట్టుక



ద్రావిడ భాషల అధ్యయనం కోసం 1997లో విశ్వవిద్యాలయం వెలసిన ఊరు మన కుప్పం. తెలుగు, తమిళం, కన్నడం రోజూ వినే మనకు మాటల పోలికలు కొత్త కావు. ఇంగ్లీషు మాటకు కూడా పుట్టుక తెలుసుకుంటే బట్టీ పట్టే పని సగం తగ్గుతుంది. చుట్టుదారి మాటలనే తీసుకుందాం.

తిరుపతి బస్సు బోర్డు మీద ‘వయా పలమనేరు’ అని చూస్తుంటాం. లాటిన్‌లో ‘వియా’ అంటే దారి. దారి నుంచి పక్కకు పోతే ‘డీవియేట్’. అదే మూలంలోని ‘డీవియస్’కు మొదట దారికి దూరంగా ఉన్నదని అర్థం; తర్వాత కపటం అనే అర్థం వచ్చింది. ‘డీటూర్’ ఫ్రెంచి మాట, పక్కకు మళ్లడం. ‘సర్కమ్’ అంటే చుట్టూ, ‘ఇరే’ అంటే వెళ్లడం. ఈ లాటిన్ మాటల నుంచి వచ్చిందే ‘సర్క్యూయిటస్’.

‘మియాండర్’ మాత్రం ఒక నది పేరు. నేటి టర్కీలో మెలికలు తిరుగుతూ ఏజియన్ సముద్రంలో కలిసే నదిని గ్రీకులు మయాండ్రోస్ అన్నారు. ఆ పేరే మెలికలు తిరగడానికి మాట అయింది.

మన సీమలో వాగును వంక అంటాం. వంక అంటే వంపు కూడా, నెలవంక అందుకే. తప్పులెన్నడం ‘వంకలు పెట్టడం’. డొంక అంటే పొదల నడుమ దారి. అసలు సంగతి దాటవేస్తే ‘డొంకతిరుగుడు’. వంపును తప్పుగా చూడటం రెండు భాషల్లోనూ ఉందన్నమాట.

మనలో ఇంటర్ తర్వాత బెంగుళూరులో కూలికి పోయి, మళ్లీ డిగ్రీలో చేరినవాళ్లు ఉన్నాం. ఇంటర్వ్యూలో ‘మధ్యలో ఈ 2 ఏళ్లు ఏం చేశావు?’ అంటే తల దించుకోవద్దు. ఇంటి కోసం పని చేశామని సూటిగా చెబుదాం. అది డీటూరే గాని డీవియస్ కాదు.