శిలాఫలకము చెప్పని చరిత్ర

విద్యాసంస్థకు దానము చేసిన వారి పేరు శిలాఫలకముపై నిలుస్తుంది. ఆ దానము వెనుక నడచిన ఆలోచన, అభ్యర్థన, ఒక్కొక్కప్పుడు తిరస్కారము కాగితాలలోనే నిలుస్తాయి. కాగితాలు నశిస్తే పేరు మిగులుతుంది గాని మనిషి మిగలడు. ఇందుకు అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము నుండి ఒక ఉదాహరణము చూద్దాము.

ఫీబీ ఆపర్సన్ హర్స్ట్ 1842లో మిస్సోరీ రాష్ట్రంలో జన్మించారు. యౌవనంలో కొంతకాలము ఉపాధ్యాయినిగా పనిచేశారు. గనుల వలన అపార ధనము గడించిన ఆమె భర్త జార్జ్ హర్స్ట్ 1891లో మరణించగా ఆ సంపద ఆమె చేతికి వచ్చింది. 1897లో ఆమె విశ్వవిద్యాలయ పాలకమండలిలో తొలి మహిళా సభ్యురాలై, 1919లో కన్నుమూసే వరకు ఆ పదవిలో కొనసాగారు. విద్యార్థినులకు ఉపకార వేతనాలిచ్చారు. బర్కిలీ ప్రాంగణ నిర్మాణ ప్రణాళికకై అంతర్జాతీయ పోటీ జరిపించారు. 1901లో మానవశాస్త్ర మ్యూజియము నెలకొల్పారు. ఇవన్నీ ఫలకములు చెప్పగల సంగతులే.

ఫలకములు చెప్పలేనివి ఆ విశ్వవిద్యాలయపు బాంక్రాఫ్ట్ గ్రంథాలయంలో భద్రపరచిన హర్స్ట్ దంపతుల పత్రాలలో ఉన్నాయి. వానిలో 1899లో పారిస్ నుండి జూలియా మోర్గన్ వ్రాసిన లేఖ ఒకటి. అక్కడ వాస్తుకళ అభ్యసిస్తున్న ఆ యువతికి ఫీబీ ధనసహాయము చేయబూనగా, ఆమె కృతజ్ఞతలు చెప్పి వినయముగా వద్దన్నది. 1902లో ఆ విద్యాలయపు వాస్తుకళా యోగ్యతాపత్రము పొందిన తొలి మహిళగా ప్రసిద్ధికెక్కినది ఈమెయే. స్వీకరించని దానము ఏ జమాఖర్చులోనూ కనబడదు. దాత ఔదార్యము, విద్యార్థిని ఆత్మాభిమానము, రెండూ ఆ లేఖ వలననే మనకు తెలిసినవి.

అదే గ్రంథాలయంలో మరొక విచిత్రమైన సంపద ఉన్నది. ఫీబీ ధనముతో గ్రెన్‌ఫెల్, హంట్ అను ఆక్స్‌ఫర్డ్ పండితులు 1899-1900లో ఈజిప్టులోని టెబ్టునిస్ వద్ద త్రవ్వకాలు జరిపారు. అక్కడి మొసళ్ల మమ్మీలను చుట్టడానికి వాడినది పాత పెపైరస్ పత్రాలు! వానిలో క్రీ.పూ. రెండవ శతాబ్దికి చెందిన మెంఖెస్ అనే గ్రామ లేఖకుని దఫ్తరము బయటపడింది. మన కరణము, పట్వారీ వ్రాసినట్లే పొలాల కొలతలు, పైరులు, శిస్తు లెక్కలు, రైతుల ఫిర్యాదులు అందులో ఉన్నాయి. అవి పనికిరావని ఆనాటి వారు పారవేసినవి. నేడు ఆ గ్రామ జీవితమునకు అవే సాక్ష్యము.

విద్యార్థులారా! మన ఇండ్లలో తాతల నాటి ఉర్దూ ఉత్తరాలు, దస్తావేజులు ట్రంకుపెట్టెల అడుగున పడియున్నవి. లిపి చదువరానంత మాత్రాన అవి చిత్తుకాగితాలు కావు. వానిని తూకానికి అమ్మకండి. చదువగల పెద్దలు ఉండగానే ఎవరు, ఎవరికి, ఎప్పుడు వ్రాసినదీ అడిగి వేరొక కాగితముపై వ్రాసి జతపరచండి. చెమ్మ తగలనిచోట, చెదలు పట్టనిచోట ఉంచండి.

కళాశాల సంఘము వారికి ఒక మనవి. రసీదు పుస్తకములతో పాటు దాతల ఉత్తరాలను, విద్యార్థుల అర్జీలను, మంజూరు కాని వానిని సైతము, ఒక బీరువాలో భద్రపరచవలెను. సంస్థ ఎంత ఇచ్చినదో లెక్కలు చెప్పగలవు. ఎవరు ఏమి ఆశించి దాని గడప త్రొక్కిరో చెప్పగలిగినవి ఆ అర్జీలే.