అనుదిన పంపకములో మరువబడిన బిడ్డలు

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 6:1-7



ఈ మాసపు పాఠమునకు తీసికొనిన భాగము మన సంఘములలో సాధారణముగా పరిచారకుల నియామకము నాడు మాత్రమే చదువబడును. ఆ దినమున స్తెఫనును గూర్చి వినుదుము, చేతులుంచి ప్రార్థించుటను గూర్చి వినుదుము. ఆ నియామకమునకు కారణమైన మొదటి వచనమును మాత్రము త్వరగా దాటిపోవుదుము. యెరూషలేము సంఘములో ప్రతి దినము విధవరాండ్రకు ఆహారము పంచబడుచుండెను. పంచువారు దుర్మార్గులని అక్కడ వ్రాయబడలేదు. ఆహారము చాలలేదనియు వ్రాయబడలేదు. అయినను గ్రీకు భాష మాటలాడు కుటుంబముల విధవరాండ్రు ఆ పంపకములో తప్పిపోవుచుండిరి. హెబ్రీయుల విధవరాండ్రకు అందినది వీరికి అందలేదు. అన్నము ఉన్నది, పంచుటకు మనస్సు ఉన్నది, కాని కొందరి గుమ్మము పంచువారికి కనబడలేదు.

అపొస్తలులు దీనికి చేసిన ఏర్పాటును గమనించుడి. అందరికి సమానముగా పంచుడని ఒక హెచ్చరిక చేసి ఊరకుండలేదు. ఏడుగురు మనుష్యులను ఏర్పరచుకొనుడని సంఘమునే అడిగిరి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు: ఈ ఏడును గ్రీకు పేర్లే. కడపటివాడు యూదుడుగా పుట్టినవాడును కాడు. అంతియొకయవాడు, యూదుల మతములో ప్రవేశించినవాడు. ఆ కాలమున యూదులలో కూడ గ్రీకు పేర్లు వాడుకలో నుండెను గనుక దీనిని రుజువనరాదు. అయినను ఏడుకు ఏడు అట్లు కుదురుట ఊరకనే జరిగినదని నాకు తోచదు. ఎవరు మరువబడిరో ఆ గుమ్మములు తెలిసినవారి చేతికే పంపకపు పని అప్పగింపబడెనని వేదపండితులు పలువురు చెప్పుదురు, సెమినరీలో మాకును అట్లే నేర్పిరి.

ఈ పాఠమును మనము హైదరాబాదు పాతబస్తీలోని మాదన్నపేట సందులలో నిలిచి చదువుకొందము. గ్రామ సంఘమునకు మాదన్నపేటతో ఏమి పని అని కొందరడుగవచ్చును. మన పల్లెలనుండి పనులకు పట్టణము పోయిన కుటుంబములు ఇట్టి పేటలలోనే ఒక్కొక్క గది అద్దెకు తీసికొని కాపురముండును. ఈ పేట సైదాబాదును ఆనుకొని యున్నది. గోలకొండ చివరి సుల్తాను తానీషా యొద్ద మంత్రిగానుండి 1686వ సంవత్సరమున చంపబడిన మాదన్న పేరే దీనికి వచ్చినదందురు. నేడు ఊరివారికి అది కూరగాయల మార్కెట్టు వలన ఎక్కువ తెలియును. ఇట్టి పేటలలో ఒకే సందున ఉర్దూ మాటలాడువారును, తెలుగువారును, పాలమూరునుండి మేస్త్రీ వెంట వచ్చినవారును, ఉత్తరాదినుండి వచ్చి హిందీ మాటలాడువారును గోడకు గోడ ఆనుకొని బ్రదుకుచుందురు. కుళాయి నీటికొరకు తగవు పడుదురు, పండుగనాడు గిన్నెలు మార్చుకొందురు. యెరూషలేము కంటె ఇచ్చట భాషలు తక్కువ కావు.

ఇట్టి చోట అనుదిన పంపకము ఒకటి నేడును జరుగుచున్నది. అది సంఘముది కాదు, ప్రభుత్వముది. 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన దేశములో 33 ప్రాంతములలో సమగ్ర శిశు అభివృద్ధి సేవలను పథకము ప్రారంభింపబడెను. దాని కేంద్రములనే మనము అంగన్‌వాడీలని పిలుచుచున్నాము. 2021 మొదలుకొని అది సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 అను పేరున నడచుచున్నది. గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్లలోపు బిడ్డలకు ఆహారము, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైనచో ఆస్పత్రికి పంపుట, తల్లులకు పోషణను గూర్చి బోధ, మూడేండ్లు నిండిన బిడ్డలకు ఆటపాటలతో చదువు, ఇవి దాని పనులు. తెలంగాణలో ఏడవ నెల మొదలుకొని మూడేండ్ల వరకు బిడ్డకు నెలకు రెండున్నర కిలోల బాలామృతము, 16 గ్రుడ్లు ఇంటికిత్తురు. మూడు దాటిన బిడ్డకు కేంద్రములోనే వేడి భోజనము, గ్రుడ్డు. గర్భిణికిని బాలింతకును 2015 జనవరి 1వ తేదీ మొదలు ఆరోగ్యలక్ష్మి యను పేరున ఒక పూట నిండు భోజనము, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఏర్పాటు చేయబడెను.

బాలామృతమును గూర్చి ఒక మాట. వేయించిన గోధుమలు, శనగలు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి అది. దినమునకు 100 గ్రాముల చొప్పున తినవలసినది. వేడినీటిలో కలిపి పెట్టిన జావ బిడ్డకు నాలుగు దినములలో వెగటు పుట్టును. అప్పుడా పొట్లము అటకెక్కును, లేక గేదె తొట్టిలో పడును. నేర్పరులైన తల్లులు దానితో లడ్డు చుట్టుదురు, రొట్టె కాల్చుదురు. ఈ సంగతి పొట్లముమీది అక్షరములకంటె ప్రక్కింటి అమ్మ చెప్పినప్పుడే త్వరగా తలకెక్కును.

ఇంత ఏర్పాటుండగా మరువబడు బిడ్డలెవరు? వీధి తెలిసినవారికి వారు తెలియుదురు. అద్దె పెరిగినదని ఆరు నెలలకొక సందు మారు కుటుంబపు బిడ్డ: పాత కేంద్రములో పేరు కొట్టివేయబడును, క్రొత్త కేంద్రములో వ్రాయబడదు. కోడికూత వేళకే మార్కెట్టుకో, ఇండ్లలో పాచిపనికో పోవు తల్లి బిడ్డ: కేంద్రము తెరచువేళకు తల్లి యింట లేదు, తొమ్మిదేండ్ల అక్క చంకలో బిడ్డ యున్నది. ఆ అక్క పేరు బడి పట్టీలో నుండవచ్చును గాని ఆమె బడిలో లేదు. ఒక బిడ్డ పేరు వ్రాయబడకపోవుటవలన ఇద్దరి చదువు పోవుచున్నది. గుమ్మము దాటి రాని పర్దా యింటి కోడలు: ఆమె అత్తకు ఎవరైనను ఉర్దూలో చెప్పువరకు బాలామృతమను మాట వారికి అర్థము కాదు. అండా అనగానే అర్థమగును! ఊరిలో ఇంకను పేరున్నదనుకొని ఇచ్చట అడుగుటకు జంకు కూలివాని భార్య: ఇది మాకు కాదు, ఇచ్చటివారికే అని ఆమె తలంపు.

మరియొక రకము గలదు. పేదయింటి తండ్రి తన మూడేండ్ల బిడ్డను అప్పుచేసియైనను కాన్వెంటు నర్సరీలో చేర్చును. అంగన్‌వాడీ అన్నము పెట్టు చోటు, చదువు చెప్పు చోటు కాదు అని ఆయన ఎన్నిక. ఆయనను నిందింపలేము. కేంద్రము ఇరుకు అద్దె గదియైనప్పుడు, ఒకే టీచరమ్మ వంటయు లెక్కలును ఫోనులో వివరములెక్కించుటయు చూచుకొనవలసినప్పుడు, ఆటపాటలకు మిగులు సమయమెంత? అయినను మూడేండ్ల బిడ్డకు పలకమీద అక్షరములు దిద్దించుటయే చదువు కాదని, ఆట, మాట, పాట, కథ, రంగులు, లెక్కించుట దాని చదువని 2020 నాటి జాతీయ విద్యావిధానము కూడ చెప్పుచున్నది. తల్లిదండ్రులు వెళ్లి కూర్చుండి అడిగినచోట కేంద్రములు బాగుపడుటకు వీలున్నది, ఎవరును అడుగనిచోట అన్నము వడ్డించుటతోనే ఆగిపోవును.

బిడ్డ పేరు వ్రాయబడకపోయినచో నష్టమేమి అని తేలికగా తీసికొనరాదు. పేరున్న బిడ్డను నెలనెల తూచుదురు. తూచినప్పుడే తగ్గుట కనబడును. కన్నతల్లికి దినదినము చూచు బిడ్డ చిక్కిపోవుట కంటబడదు. గర్భమునందలి దినములు మొదలుకొని రెండేండ్లు నిండువరకు తిండి చాలక ఆగిన ఎదుగుదల తరువాత ఎంత తినిపించినను చాలమట్టుకు తిరిగి రాదని వైద్యులు చెప్పుదురు. కావున వచ్చే సంవత్సరము చేర్పింతుమనుట ఇక్కడ పనికిరాదు.

అంగన్‌వాడీ యను మాట పుట్టుకలోనే ఈ పాఠమున్నది. మహారాష్ట్రమున సముద్రతీరమందలి బోర్డి గ్రామములో 1945వ సంవత్సరమున తారాబాయి మోడక్ అను విద్యావేత్త పల్లె బిడ్డల కొరకు బాలవాడి స్థాపించిరి. అనుతాయి వాఘ్ ఆమెకు తోడుండిరి. బడి మంచిదే, ఖర్చు లేనిదే. అయినను హరిజనవాడ బిడ్డలు దానికి రాలేదు. రానివారిని నిందించి ఊరకుండక, ఆ స్త్రీలు బడినే ఎత్తుకొని వాడలోనికి పోయి వారి యింటి ముంగిట పెట్టిరి. అంగన్ అనగా ముంగిలి. ముంగిటికి వచ్చిన బడియే అంగన్‌వాడీ. నేడు మనము అద్దె గదికి బోర్డు తగిలించి ఆ పేరే పెట్టుకొని, ముంగిలివారు రాలేదని లెక్క వ్రాయుట చిత్రము కాదా?

అమెరికాలో 1965వ సంవత్సరమున పేదపిల్లల కొరకు హెడ్ స్టార్ట్ అను ఏర్పాటు మొదలైనప్పుడు బిడ్డల తల్లిదండ్రులకు దాని సభలలో స్థానమిచ్చిరి, తల్లులలో అనేకులను దానిలోనే పనికి పెట్టుకొనిరి. తెలియని కార్యాలయమునకు రాని స్త్రీ, తన సందులోని స్త్రీ పిలిచినచో వచ్చును. అపొస్తలుల కార్యములలోని ఏడుగురి సంగతియు ఇదియే.

కావున మాదన్నపేట వంటి చోట ఏడుగురెవరు? సంఘపు పెద్దలు కారు. ఉర్దూ యింటి కోడలితో వంటింటిలో కూర్చుండి మాటలాడగల ఉర్దూ తల్లి ఒకరు, పాలమూరు కూలీల గదులు తెలిసిన మేస్త్రీ భార్య ఒకరు, మార్కెట్టులో గంప పెట్టుకొను అవ్వ ఒకరు, హిందీ మాటలాడు ఇంటి అమ్మ ఒకరు. మన క్రైస్తవ స్త్రీ ఒకరు వారిలో నుండవచ్చును, అందరు మనవారే కానక్కరలేదు. మరియొక సంగతి స్పష్టముగా చెప్పుచున్నాను, కొందరికి ఇష్టము కాకపోవచ్చును. ఈ పనికి పోవునప్పుడు మన కరపత్రములు చేత పట్టుకొని పోరాదు. బిడ్డ పేరు వ్రాయించుటకు వచ్చినవారు మరియొక దానికొరకు వచ్చిరేమో యను అనుమానము ఒక్క గుమ్మములో పుట్టినచో సందంతయు తలుపులు మూయును, నష్టపోవునది బిడ్డ.

ఆ స్త్రీలు సాయంకాలము, తల్లులు పనినుండి వచ్చిన పిదప పోవలెను. ఉదయము పది గంటలకు పోయినవారు తాళములను లెక్కపెట్టి వత్తురు. పోవుటకు ముందు ఆ వాడ టీచరమ్మను కలసి ఆమె సర్వే పుస్తకములో ఎవరి యిండ్లు లేవో అడిగి తెలిసికొనవలెను. ఆమె మన ప్రత్యర్థి కాదు; 400 మొదలు 800 మంది జనులకు ఒక కేంద్రమను లెక్కన ఆమె మోయు భారము తేలికైనది కాదు.

కాగితములను గూర్చి తల్లులకు గల భయమును తీర్చవలెను. తెల్ల రేషను కార్డు ఉన్నవారికే అంగన్‌వాడీ యనుట తప్పు. దారిద్ర్యరేఖను ఈ సేవలకు అర్హతగా వాడరాదని సుప్రీం కోర్టు 2004 అక్టోబరు 7వ తేదీన ఉత్తరువు చేసినది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము ఆరు నెలలు మొదలు ఆరేండ్ల బిడ్డలకు అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనమును హక్కుగా చేసినది. కాబట్టి అడుగు తల్లి భిక్షము అడుగుట లేదు. బిడ్డకు ఆధారు లేకున్నను తల్లి ఆధారుతో పేరు వ్రాయవచ్చునని కేంద్ర ప్రభుత్వము తెలిపియున్నది. తల్లి ఆధారులో పల్లె చిరునామా ఉన్నదని వెనుదిరుగనక్కరలేదు.

కేంద్రమే లేని వాడ సంగతి వేరు. ఆరేండ్లలోపు బిడ్డలు 40 మంది ఉండియు అంగన్‌వాడీ లేని పల్లెవాడలకును పట్టణపు బస్తీలకును, అడిగిన మూడు నెలలలోగా కేంద్రము ఇయ్యవలెనని 2006 డిసెంబరు 13వ తేదీన అదే న్యాయస్థానము చెప్పినది. 40 మందిని లెక్కించుటకు అధికారి అక్కరలేదు. ఒక నోటుపుస్తకము, ఏడుగురు స్త్రీలు, రెండు సాయంకాలములు చాలును. ఇంటి నంబరు, బిడ్డ పేరు, వయస్సు, తల్లి సంతకము లేక వ్రేలిముద్ర వేయించి, ఒక ప్రతి దాచుకొని, మరియొక ప్రతి శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి ఇచ్చి, ముట్టినట్లు ముద్ర వేయించుకొనవలెను. ముద్ర లేని అర్జీకి మూడు నెలలు ఎప్పుడు మొదలైనవో ఎవరు చెప్పగలరు?

గ్రామ సంఘములలోనున్న మనకు మిగిలిన పని ఇది. ఒక కుటుంబము పట్నము పోవునప్పుడు మనము సభ్యత్వ బదిలీ పత్రము వ్రాసి యిత్తుము. అదే దినమున ఊరి అంగన్‌వాడీకి వారితో కూడ పోవుదము. బిడ్డ పేరు 2021 మొదలు పోషణ్ ట్రాకర్ అను ఫోను లెక్కలో ఎక్కుచున్నది, దానినుండి కొట్టివేయక క్రొత్త చోటికి మార్చు వీలు కలదు. అట్లు మార్చుడని టీచరమ్మను అడుగుదము. టీకాలు, తూకములు వ్రాసిన మాతా శిశు సంరక్షణ కార్డు ఇంటిలో ఎక్కడ చెక్కియున్నను వెదకించి, బదిలీ పత్రముతో కలిపి ఒకే సంచిలో పెట్టించి తల్లి చేతికిత్తము.