బస్సు ఆపించిన మనవడికి

తెనాలి,
కార్తీక పౌర్ణమి మర్నాడు

చిరంజీవి చిన్నాకు తాతయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన మఫ్లరు చుట్టుకునే ఇది రాస్తున్నాను. ఇంకా అంత చలి లేదురా, అయినా నువ్వు పంపావని మీ నానమ్మ తీయనివ్వడం లేదు. ఇదంతా ఫోనులో చెప్పొచ్చుగా అంటావేమో, ఫోనులో అయితే మీ నాన్న పక్కనే ఉంటాడు, ఇది వాడి చెవిన పడకుండా చెప్పాల్సిన మాట.

దసరాకి మీ ఇంట్లో ఉన్న వారం రోజులూ నాకు హాల్లో పక్క వేశారు గదా. పన్నెండున్నరకోసారి, రెండింటికోసారి, మూడున్నరకి, అయిదు కొట్టకముందే మళ్ళీ, మీ నాన్న లైటు వెయ్యకుండా, ఎవరి నిద్రా చెడకూడదని పిల్లిలా నడిచి బాత్రూముకి వెళ్ళడం, వెళ్ళినవాడు ఎంతకీ రాకపోవడం, ఆ నీళ్ళ చప్పుడుకైనా వస్తుందేమోనని లోపల కుళాయి సన్నగా తిప్పి పెట్టుకోవడం (నేనూ ఆ పనే చేసేవాణ్ణి), అన్నీ విన్నాను. చిన్నప్పుడు వాడు అన్నం మానేసి అలిగి పడుకున్న రాత్రుళ్ళు కూడా ఇలాగే చెవులు రిక్కించుకుని పడుకునేవాణ్ణి. పొద్దున్నే "ఏరా, నిద్ర పట్టలేదా" అంటే "ఆఫీసు టెన్షన్లు నాన్నా" అన్నాడు. యాభై రెండేళ్ళవాడు, అచ్చం నాలాగే అబద్ధమాడాడు.

ముప్ఫై ఏళ్ళు పిల్లలకి జీవశాస్త్రం చెప్పాను. మీ నాన్నని లేపుతున్నదని నేననుకునే గ్రంథి పేరు పుస్తకంలో పౌరుష గ్రంథి, అందరూ అనేది ప్రొస్టేట్. క్లాసులో ఎవరైనా కిసుక్కుమంటారని ఆ పేజీ గబగబా తిప్పించేసేవాణ్ణి. తెలుగులో ఆ పేరు పెట్టిందెవరో గానీ, పౌరుషానికి పోయి మగవాడన్నవాడు దాని ఊసే ఎత్తడు. అది మూత్రాశయం కింద, మూత్రం బయటికొచ్చే నాళం చుట్టూ ఉంగరంలా ఉంటుంది. వయసులో ఇరవై గ్రాములుంటుందేమో, పెద్ద ఉసిరికాయంత. నలభై దాటాక మెల్లగా పెరగడం మొదలుపెడుతుంది. యాభైల్లో ఉన్నవాళ్ళలో ఇంచుమించు సగం మందికి, ఎనభై దాటితే నూటికి ఎనభై మందికి పైగా ఈ పెరుగుదల ఉంటుంది. పెరిగి మధ్యలోని నాళాన్ని నొక్కితే, తోటకి నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టం మీద ఎవరో కాలేసినట్టే. ధార సన్నబడుతుంది, నిలబడి ఎదురుచూడాల్సి వస్తుంది, అయిపోయిందనుకుని పంచె సర్దుకున్నాక చుక్కలు పడతాయి. మూత్రాశయం అదేపనిగా తోసితోసి చిరాకు పుట్టి సగం నిండకముందే తొందర పెడుతుంది. తమాషా ఏమిటంటే గ్రంథి ఎంత పెద్దదైతే బాధ అంత అనేం లేదు. కొంచెం పెరిగినా నానాయాతనా పడేవాళ్ళున్నారు, బాగా పెరిగినా గుర్రుపెట్టి నిద్రపోయేవాళ్ళూ ఉన్నారు.

నీకు జ్ఞాపకం ఉందో లేదో, మనం శ్రీశైలం వెళ్ళినప్పుడు నీకు ఎనిమిదేళ్ళు. దోర్నాలలో బస్సు ఆపితే దిగి వెళ్ళొచ్చి అరగంట కాలేదు, ఘాటెక్కగానే నాకు మళ్ళీ మొదలైంది. పళ్ళ బిగువున కూర్చున్నాను, చెమటలు పడుతున్నాయి, పెద్దమనిషినై ఉండి మళ్ళీ ఆపమని ఎలా అడగను? నువ్వు నా మొహంలోకి ఒకసారి చూసి, చటుక్కున లేచి, "డ్రైవరు మావయ్యా, నాకు ఒంటికొస్తోంది" అని అరిచావు. నా చెయ్యి పట్టుకుని దిగి, అటు తిరిగి చెట్లు లెక్కపెడుతూ నిలబడ్డావు. నీకేం రాలేదని నాకు తెలుసు. తిరిగి ఎక్కాక ఎవరో "ఈ కాలం పిల్లలకి ఓర్పు లేదు" అంటే తల వంచుకుని నవ్వుకున్నావు. ఇంటికొచ్చాక కూడా ఎవరితోనూ అనలేదు. మీ నానమ్మకి ఆ సంగతి ఈ మధ్యే చెప్పాను, కొంగుతో కళ్ళొత్తుకుంది.

అప్పుడైనా నాకు బుద్ధొచ్చిందా? ఊరెళ్ళాలంటే నీళ్ళు మానేసేవాణ్ణి, దానివల్ల మంట తప్ప ఒరిగిందేమీ లేదు. ఆ ఏడు కార్తీకంలోనే జలుబుకని మందుల షాపులో అడిగి ఒక మాత్ర వేసుకున్నాను. కొన్ని జలుబు మాత్రలు ఆ దారిని ఇంకా బిగిస్తాయి, లేదా మూత్రాశయాన్ని మొద్దుబారుస్తాయి. తెల్లవారేసరికి చుక్క రాలేదు, పొట్ట రాయి. ఆస్పత్రిలో గొట్టం వేస్తే ముప్పావు లీటరు వచ్చింది. ఆ హాయి చెప్పలేనురా, నర్సమ్మకి దండం పెట్టాను. తరవాత టామ్సులోసిన్ అనే మాత్ర రాశారు. అది అక్కడి కండరాల్ని సడలిస్తుంది. మొదట్లో గబుక్కున లేస్తే కళ్ళు తిరిగేవి, మీ నానమ్మ రెక్క పట్టుకునేది. ఇన్నేళ్ళూ మాత్రతోనే గడిచింది. అందరికీ గడవదు, కొందరికి కోత లేకుండా లోపలినుంచే గీసే ఆపరేషను కావాలి.

మీ నాన్నకి నేను చెబితే వినడు, నువ్వు చెప్పు. డాక్టర్ల దగ్గర ఏడు ప్రశ్నల కాగితం ఒకటుంటుంది, గడిచిన నెలలో ఎలా ఉందో చూసి ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు దాకా వేసుకోవాలి, మొత్తం ముప్ఫై అయిదు. ఈ ఒక్క పరీక్షలోనే తక్కువ మార్కులొచ్చినవాడు మంచి విద్యార్థి: ఏడులోపైతే స్వల్పం, పంతొమ్మిది దాకా మధ్యరకం, ఇరవై వస్తే గట్టిదే. సుగరు పరీక్ష కూడా చేయించాలి, రాత్రుళ్ళు లేపేది అదైనా కావచ్చు. ఈ పెరుగుదల క్యాన్సరు కాదు, క్యాన్సరుగా మారదు కూడా, మీ అమ్మని భయపెట్టకు. కానీ ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు, క్యాన్సరు మొదట్లో సాధారణంగా ఏ బాధా పెట్టదు, కాబట్టి పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష గురించీ, వేలుతో చేసే పరీక్ష గురించీ డాక్టరునే అడగమను. ఆ వేలి పరీక్షకే మగాళ్ళు పారిపోతారు, అది అర నిమిషం పని. మూత్రంలో రక్తం కనబడినా, చలిజ్వరం వచ్చినా, పూర్తిగా ఆగిపోయినా మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు.

సంక్రాంతికి కారులో వస్తారుగా. మీ నాన్న సూర్యాపేట దాకా బిగబట్టుకుని నడుపుతాడు, వాడి సంగతి నాకు తెలుసు. చౌటుప్పల్ దాటకముందే నీకొచ్చిందని చెప్పు.

మీ నానమ్మ అరిసెలకి బియ్యం నానబోస్తానంటోంది, ఇంకా రెండు నెలలుందే అంటే వినడం లేదు.

నీ
తాతయ్య