అడవి కూడా అమానతే

ఈ భూమికి యజమాని అల్లాహ్. మానవుడు ఆయన నియమించిన ఖలీఫా, అంటే కాపలాదారు మాత్రమే. చక్కదిద్దబడిన ధరణిలో కల్లోలం రేపరాదని దివ్య ఖుర్ఆన్ (7:56) బోధిస్తున్నది.

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించిన నల్లమలను చూడండి. తేనె, గడ్డలు, అటవీ ఫలాలు సేకరించి బ్రతికే చెంచులకు ఆ అడవే ఇల్లు. 2019 మేలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా అంగీకరించింది. బోర్లు వేయాలంటే చెట్లు కూలుతాయి, గనులు వస్తే కృష్ణా నీరు విషమవుతుందని చెంచులు, రైతులు ఆందోళనకు దిగారు. పట్టణాలవారూ తోడయ్యారు. ఆ సెప్టెంబరులోనే తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

ఇందులో మనకు పాఠం ఏమిటి? ఇతరుల భూమిని జానెడు ఆక్రమించినా, ప్రళయదినాన ఏడు భూములు ఆ వ్యక్తి మెడకు చుట్టబడతాయని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). మదీనా పరిసరాల్లో చెట్లు నరకడాన్ని కూడా ఆయన నిషేధించారు. కనుక చెంచుల గోడు మనకెందుకని ముస్లిం అనుకోరాదు. పీడితుడు ఏ మతస్థుడైనా న్యాయం పక్షాన నిలవడం మన విధి.

సోదర సోదరీమణులారా! నాటిన మొక్క నుండి పక్షి తిన్నా, పశువు తిన్నా, మనిషి తిన్నా అది సదఖాయే అన్న హదీసును ఈ రోజే పిల్లలకు చెప్పండి. వారి చేత ఒక మొక్క నాటించండి.

అమానతును కాపాడేవారిలో అల్లాహ్ మనల్ని చేర్చుగాక! ఆమీన్.