నేలకు తోడు వేద్దాం

మామిడి కోత అయిపోయింది. వానలు మొదలయ్యాయి. వదిన, మరదలు తోటలో పాదులు చేస్తున్నారు. ఇద్దరికీ కలిపి ఇరవై చెట్లున్నాయి.

"వదినా, కొట్టాయన చెట్లకు పోసే టానిక్ ఇస్తానన్నాడు. డబ్బులు కోతప్పుడు ఇవ్వొచ్చట" అంది మరదలు.

"సీసా మీద ఏం రాసుందో చదివావా?"

"లేదు వదినా."

"ముందు చదువు. తర్వాత అప్పు సంగతి చూద్దాం. ఈలోగా జీవామృతం మనమే చేసుకుందాం" అంది వదిన.

జీవామృతం అంటే ఏమిటి?

మట్టిలో కంటికి కనిపించని జీవులు కోట్ల కొద్దీ ఉంటాయి. వీటిని సూక్ష్మజీవులు అంటారు. ఆకును, పేడను కుళ్లబెట్టి చెట్టుకు ఆహారంగా మార్చేవి ఇవే. ఈ జీవులను పెంచడానికి జీవామృతం పోస్తారు. మహారాష్ట్రకు చెందిన సుభాష్ పాలేకర్ దీన్ని రైతుల్లో ప్రచారం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి సేద్యం కార్యక్రమంలో దీన్ని చాలామంది ఆడవాళ్లు నేర్చుకున్నారు.

ఏమేం కావాలి?

నీళ్లు - 200 లీటర్లు
ఆవు పేడ - 10 కిలోలు
ఆవు మూత్రం - 10 లీటర్లు
బెల్లం - 2 కిలోలు
శనగపిండి - 2 కిలోలు
గట్టు మీది మట్టి - గుప్పెడు

ఎలా చేయాలి?

డ్రమ్మును నీడలో పెట్టండి. అన్నీ నీళ్లలో కలపండి. పైన గోనెసంచి కప్పండి. మూత బిగించవద్దు, లోపల గాలి పుడుతుంది. రోజూ ఉదయం, సాయంత్రం కర్రతో కలపండి. రెండు రోజులకు తయారవుతుంది. వారం లోపల వాడెయ్యాలి. డ్రమ్ము దగ్గరికి పిల్లలను రానివ్వకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఎక్కడ పోయాలి?

చెట్టు మొదట్లో పోయకూడదు. మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ ఎక్కడి దాకా పడుతుందో చూడండి. ఆ నీడ అంచు వెంట చుట్టూ పోయండి. ఆహారం పీల్చే సన్నవేళ్లు అక్కడ ఎక్కువ. నేల తడిగా ఉండాలి. చెట్టుకు 2 నుంచి 5 లీటర్లు, నెలకొకసారి చాలు.

"ఇంత పెద్ద చెట్టుకు ఐదు లీటర్లు ఏ మూలకు వదినా?" అని మరదలు అడిగింది.

"గిన్నెడు పాలకు తోడు ఎంత వేస్తావు?"

"చెంచాడు."

"ఆ చెంచాడే పాలన్నిటినీ పెరుగు చేస్తుంది. మరి పాలు లేని గిన్నెలో తోడు వేస్తే?"

మరదలు నవ్వింది. "ఏముంటుంది, ఉత్త గిన్నే!"

అదే అసలు సంగతి. జీవామృతం తోడు లాంటిది. పశువుల ఎరువు, రాలిన ఆకు, పచ్చిరొట్ట పాల లాంటివి. పెద్ద మామిడి చెట్టుకు వానలు మొదలవగానే 50 కిలోల దాకా పశువుల ఎరువు వేయాలి. రాలిన ఆకును తగలబెట్టకండి. పాదులో పరవండి. అప్పుడు నేలలో తేమ నిలుస్తుంది. తేమ చాలక రాలిపోయే పిందె తగ్గుతుంది. ఎరువు వేయకుండా జీవామృతం ఎంత పోసినా లాభం ఉండదు.

ఇంకొక మాట. జీవామృతం పురుగుమందు కాదు. పూతకు తేనెమంచు పురుగు గానీ, బూడిద తెగులు గానీ వస్తే ఉద్యానశాఖ వారిని అడగండి.

సీసా కొనాలంటే?

మొక్కల ఎదుగుదలకు సాయపడే ఇలాంటి సరుకులను 2021లో కేంద్ర ప్రభుత్వం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. కాబట్టి సీసా మీద చదవండి. తయారు చేసినవారు ఎవరు? లోపల ఏముంది? ఏ తేదీ దాకా పనిచేస్తుంది? ఎంత వాడాలి? ఇవి లేకపోతే కొనవద్దు. కొంటే బిల్లు తీసుకోండి.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

వదిన, మరదలు ఇలా అనుకున్నారు. ఎరువు ఇరవై చెట్లకూ వేస్తారు. జీవామృతం పది చెట్లకే పోస్తారు. కోతప్పుడు కాయలు లెక్కపెడతారు. తూకం వేస్తారు. మచ్చ కాయలు వేరుగా లెక్కిస్తారు. అన్నీ నోటుపుస్తకంలో రాస్తారు. మామిడి ఒక ఏడు బాగా కాస్తుంది, ఒక ఏడు తక్కువ కాస్తుంది. అందుకే రెండు మూడేళ్లు రాసి చూడాలి. ఎవరో చెప్పిన మాట కన్నా మన పుస్తకంలో మనం రాసుకున్న లెక్క మేలు.

ఆలోచించండి, రాయండి

1. పది చెట్లకు 5 లీటర్ల చొప్పున ఎన్ని లీటర్ల జీవామృతం కావాలి?
2. దానికి బెల్లం ఎంత? పేడ ఎంత?
3. పాదులో ఆకు ఎందుకు పరవాలి?
4. మీ ఇంట్లో ఉన్న ఎరువు సంచి గానీ, మందు సీసా గానీ తీసుకోండి. దాని మీది తేదీ చదివి రాయండి.