ప్రేగున తొలి కావలి

చిరంజీవి వాగ్దేవికి పెదనాన్న ఆశీస్సులు.

క్రోన్స్ వ్యాధి యనగా రోగనిరోధకశక్తి మితిమీరుటయే గదా యని వ్రాసితివి. పాఠ్యగ్రంథములు చాలకాలము అట్లే చెప్పినవి. చికిత్సయు నేటికిని ఆ శక్తిని అణచుటమీదనే నడచుచున్నది. అయినను ఆ మితిమీరుటకు ముందే, పుట్టుకతో వచ్చిన తొలి రక్షణయందు కొఱత యొకటి యుండునని నేను గట్టిగా నమ్ముచున్నాను.

పెద్దప్రేగులోని కోటానుకోట్ల సూక్ష్మజీవులకును మన రక్తమాంసములకును నడుమ నున్నవి జిగురుపొరయు, దాని క్రింద ఒకే వరుసగా పేర్చిన కణములును మాత్రమే. ఆ వరుస వెనుక కాపున్న మాక్రోఫేజులు, చొరబడిన జీవిని మ్రింగి చంపియు, శోథను రేపక మిన్నకుండును. చిన్నప్రేగు గోడలోని గుంటల అడుగున పానెత్ కణములు కలవు. ఇయోసిన్ రంగు పట్టించిన పలుచని ముక్కను సూక్ష్మదర్శినిలో చూచితివేని, వాని గర్భమున ఎఱ్ఱని రేణువులు కిక్కిరిసి కనబడును. సూక్ష్మజీవులను చంపు డిఫెన్సినులు వానిలోనివే.

2001లో పారిస్ పరిశోధకులును అమెరికా పరిశోధకులును వేర్వేరుగా, 16వ క్రోమోజోముపై నున్న నాడ్2 జన్యువునందలి మార్పులు క్రోన్స్ వ్యాధికి దోహదము చేయునని ప్రకటించిరి. బాక్టీరియా కణకుడ్యపు తునకను కణము లోపల పసిగట్టుట ఆ జన్యువువలన పుట్టు ప్రోటీను పని. శోథ మిక్కుటమైన వ్యాధికి మూలమును వెదకబోగా, చేతికి దొరకినది గుర్తింపునందలి మాంద్యము!

2006లో లండనున ఆంథొనీ సీగల్ బృందము ప్రకటించిన పరీక్షను నేను మరువజాలను. క్రోన్స్ రోగుల ముంజేతి చర్మము క్రింద చంపిన ఈ.కోలై బాక్టీరియాను ఎక్కించి, అచ్చట రక్తప్రసరణ ఎంత హెచ్చునో కొలువగా, ఆరోగ్యవంతులలో హెచ్చినంతగా హెచ్చలేదు. ప్రేగునుండి చిన్న తునకను తీసి, కొన్ని గంటలకు అచ్చటనే మరల తీసి చూడగా, గాయమునకు చేరిన న్యూట్రోఫిలులను తెల్లరక్తకణములును తక్కువే. తొలిగడియలలో తుడిచిపెట్టబడని బాక్టీరియా కణజాలమున నిలిచిపోగా, మాక్రోఫేజులు శోథను రేపు టీఎన్ఎఫ్‌ను వెదజల్లి, లింఫోసైటులను రప్పించి, గోటితో పోవలసినది గొడ్డలిదాక వచ్చును.

ఇది అల్సరేటివ్ కొలైటిస్‌కు వర్తించునని తలపకుము. అచ్చట న్యూట్రోఫిలులు గుంటలనిండ క్రమ్ముకొనును. ఐరోపావారిలో ప్రసిద్ధములైన నాడ్2 మార్పులును జపానువారిలో లేవు, మన రోగులలో అరుదు.

మన దేశమున క్షయయు ప్రేగును పట్టి, క్రోన్స్ వలెనే కణికలు కట్టించును. ఆ కణికలలో క్షయక్రిమిని బంధించి యుంచుటకు టీఎన్ఎఫ్ అవసరము. కావున టీఎన్ఎఫ్‌ను అడ్డగించు ఇన్‌ఫ్లిక్సిమాబ్ మందును ఎక్కించుటకు ముందు క్షయ లేదని తేల్చుకొనుము. నీ రోగి ఛాతీ ఎక్స్‌రేను ఇతరుల మాటపై విడువక నీవే చూడుము.

నీ పెదనాన్న